యూసుఫ్ షాహీన్ ‘నైలు - జీవితం’: ఆనకట్ట కథలో మనుషుల స్థానం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఈజిప్టులోని అస్వాన్ హైడ్యామ్ నిర్మాణాన్ని ఇతివృత్తంగా తీసుకొని ఈజిప్టు, సోవియట్ యూనియన్ సంయుక్తంగా నిర్మించిన చిత్రం ‘అల్ నీల్ వల్ హయాత్’ (నైలు - జీవితం). దర్శకుడు యూసుఫ్ షాహీన్. 1968లో పూర్తయిన ఈ చిత్రాన్ని నిర్మించిన రెండు ప్రభుత్వాలే తిరస్కరించాయి. తర్వాత అదే దర్శకునిచేత అదే ఇతివృత్తంతో మరొక చిత్రం తీయించి 1972లో విడుదల చేశారు. తొలి చిత్రం ఒక ప్రతి రూపంలో మాత్రమే ఫ్రాన్సులో భద్రంగా మిగిలి, దాదాపు మూడు దశాబ్దాల తరువాత తిరిగి వెలుగుచూసింది. ఈ చిత్రం నేపథ్యాన్ని, నిర్మాణరీతిని, తిరస్కరణకు దారితీసిన పరిస్థితులను, సమకాలిక అరబ్బీ సాహిత్యంతో దానికున్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అస్వాన్ హైడ్యామ్, యూసుఫ్ షాహీన్, శ్రామికులు, నూబియా, నిర్వాసితులు, చారిత్రక చిత్రం, నాగార్జునసాగర్.

1. ఉపోద్ఘాతం:

ఇరవయ్యో శతాబ్దంలో ఆనకట్ట కేవలం నీటిని నిలిపే కట్టడం కాదు. ఒక దేశం తన భవిష్యత్తును గురించి చెప్పుకున్న కథ అది. అందుకే ఆనకట్టలు కట్టిన చోటికల్లా సినిమా కూడా వెళ్లింది. నీపర్ నదిపై సాగుతున్న నిర్మాణం నేపథ్యంలో సోవియట్ దర్శకుడు దొవ్జెంకో 1932లో ‘ఇవాన్’ తీశాడు. అమెరికాలో టెనెసీ లోయ ఆనకట్ట వల్ల తన భూమిని వదలవలసి వచ్చిన వృద్ధురాలి కథను ఎలియా కజాన్ 1960లో ‘వైల్డ్ రివర్’గా తెరకెక్కించాడు. మొదటిది కట్టేవారి వైపు నుంచి చూసిన కథ, రెండవది మునిగేవారి వైపు నుంచి చూసిన కథ.

ఈ రెండు వైపులనూ ఒకే తెరపైకి తేవడానికి ప్రయత్నించిన చిత్రం షాహీన్ ‘నైలు - జీవితం’. దీనికి మరొక ప్రత్యేకత ఉంది. ఇందులోని శ్రామికులు ఒక దేశంవారు కారు, ఒక భాషవారు కారు. రష్యన్లు, కైరో ఇంజనీర్లు, ఎగువ ఈజిప్టు కూలీలు, నూబియా యువకులు ఒకే నిర్మాణస్థలంలో కలిసి కనిపిస్తారు. రెండు రాజ్యాల స్నేహాన్ని చాటవలసిన చిత్రం, ఆ స్నేహం మనుషుల మధ్య ఎలా ఉందో చూపడంతో రెండు రాజ్యాలకూ పనికిరానిదైంది. ఈ వైరుధ్యమే ఈ వ్యాసానికి కేంద్రం.

2. చారిత్రక నేపథ్యం:

అస్వాన్ వద్ద నైలుకు అడ్డుకట్ట వేయడం కొత్త ఆలోచన కాదు. బ్రిటిష్ పాలనలో 1899-1902 మధ్య అక్కడ తొలి ఆనకట్ట కట్టారు. 1907-1912 మధ్య ఒకసారి, 1929-1933 మధ్య మరొకసారి దాని ఎత్తు పెంచారు. పెంచిన ప్రతిసారీ ఎగువన ఉన్న నూబియా గ్రామాలు కొన్ని మునిగాయి. నూబియన్లు ఇళ్లను ఇంకా పైకి, కొండవాలుల మీదికి మార్చుకుంటూ వచ్చారు.

1952 విప్లవం తరువాత నాసర్ ప్రభుత్వం పాత కట్టకు ఎగువన అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆనకట్టను తలపెట్టింది. ఆర్థికసాయం చేస్తామన్న అమెరికా 1956 జులైలో వెనక్కు తగ్గింది. వారం తిరగకముందే, జులై 26న, నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. కాలువ మీద వచ్చే ఆదాయంతో ఆనకట్ట కడతామని ప్రకటించాడు. దాని పర్యవసానంగా బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టుపై యుద్ధానికి దిగాయి. అంటే పునాదిరాయి పడకముందే ఈ ఆనకట్ట ఒక యుద్ధానికి కారణమైంది. 1958 డిసెంబరులో సోవియట్ యూనియన్‌తో రుణ ఒప్పందం కుదిరింది. 1960 జనవరి 9న పనులు మొదలయ్యాయి.

నిర్మాణంలో కీలకఘట్టం 1964 మే 14. ఆనాడు నైలు ప్రవాహాన్ని పాత దారి నుంచి తప్పించి, కొండను తొలిచి తవ్విన కాలువలోకి, ఆరు సొరంగాల గుండా మళ్లించారు. నాసర్, సోవియట్ నాయకుడు కృశ్చేవ్ కలిసి ఆ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఆనకట్ట నిర్మాణం 1970 జులైలో ముగిసింది. ఆ సెప్టెంబరు 28న నాసర్ మరణించాడు. 1971 జనవరిలో జరిగిన అధికారిక ప్రారంభోత్సవాన్ని ఆయన చూడలేదు. పూర్తయిన కట్ట పొడవు 3,830 మీటర్లు, ఎత్తు 111 మీటర్లు, అడుగున వెడల్పు 980 మీటర్లు. అందులో అమర్చిన 12 టర్బైన్ల మొత్తం సామర్థ్యం 2,100 మెగావాట్లు.

3. నిర్మాణస్థలం - దేశదేశాల శ్రమ:

ముప్పై వేలకు పైబడిన ఈజిప్టు శ్రామికులు, వారితోపాటు సోవియట్ ఇంజనీర్లు, సాంకేతిక నిపుణులు అక్కడ పనిచేశారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. గ్రానైటు కొండ. రాత్రింబవళ్లు షిఫ్టుల పని. చల్లని దేశం నుంచి వచ్చిన యంత్రాలు కూడా ఆ వేడికి, ఆ రాతికి తట్టుకోలేకపోయాయి. ఈజిప్టు గుత్తేదారు ఉస్మాన్ అహ్మద్ ఉస్మాన్ స్వీడన్ నుంచి డ్రిల్లులు, బ్రిటన్ నుంచి ట్రక్కులు తెప్పించుకోవలసి వచ్చింది. అధికారిక ప్రచారంలో ఇది రెండు దేశాల కట్టడం. వాస్తవంలో అనేక దేశాల శ్రమ, అనేక దేశాల ఇనుము కలిసిన కట్టడం.

నిర్మాణంలో చెమటోడ్చినవారికి తోడు, ఇళ్లు కోల్పోయినవారు కూడా ఈ చరిత్రలో భాగమే. 1963-64లో సుమారు యాభై వేలమంది ఈజిప్టు నూబియన్లను వారి గ్రామాల నుంచి తరలించి, అస్వాన్‌కు ఉత్తరాన ఉన్న కోం ఓంబో ప్రాంతంలో స్థిరపరిచారు. సరిహద్దుకు ఆవల సూడాన్‌లో వాదీ హల్ఫా పట్టణం, పరిసర గ్రామాల ప్రజలు దూరంగా ఉన్న ఖష్మ్ అల్ గిర్బాకు తరలివెళ్లారు. నది ఒడ్డున ఖర్జూరపు చెట్ల మధ్య బతికినవారికి నది కనిపించని చోట ఒకే కొలతతో కట్టిన ఇళ్లు ఇచ్చారు. అబూ సింబెల్ దేవాలయాలను ముక్కలుగా కోసి ఎత్తైన చోట తిరిగి నిలపడం (1964-68) ప్రపంచానికంతటికీ తెలిసిన గాథ. అదే నీటికింద ఇళ్లు కోల్పోయిన మనుషుల గాథ అంతగా తెలియదు.

4. యూసుఫ్ షాహీన్ - సినీప్రస్థానం:

షాహీన్ 1926లో అలెగ్జాండ్రియాలో జన్మించాడు. అనేక మతాలవారు, అనేక భాషలవారు కలిసి బతికిన రేవుపట్టణం అది. అమెరికాలోని పసడేనాలో నటన అభ్యసించి స్వదేశానికి తిరిగివచ్చాడు. 1954లో వచ్చిన ‘లోయలో సంఘర్షణ’ చిత్రంలో ఎగువ ఈజిప్టు చెరకు రైతులకూ భూస్వామికీ మధ్య పోరాటాన్ని చూపాడు. ఒమర్ షరీఫ్‌ను తెరకు పరిచయం చేసింది ఆ చిత్రమే. 1958 నాటి ‘కైరో స్టేషన్’లో రైల్వేస్టేషన్ కూలీలు, శీతల పానీయాలు అమ్ముకునే స్త్రీలు, పత్రికలమ్మే కుంటి యువకుడు ప్రధానపాత్రలు. ఆ యువకుని పాత్రను షాహీనే ధరించాడు.

దీనికి భిన్నంగా 1963లో వచ్చిన ‘సలాదీన్’ భారీ చారిత్రక చిత్రం. అరబ్ ఐక్యతకు ప్రతీకగా నాసర్‌ను గుర్తుచేసే కథానాయకుడు అందులో కనిపిస్తాడు. ఒక వైపు స్టేషన్ కూలీలను దగ్గరగా చూసిన కన్ను, మరొక వైపు రాజ్యం మెచ్చే వీరగాథను నడిపించిన చేయి - ఈ రెండూ ఉన్న దర్శకుడు గనుకనే అస్వాన్ చిత్రం ఆయనకు అప్పగించడం సహజంగా జరిగింది. ప్రభుత్వాలు ‘సలాదీన్’ దర్శకుణ్ని ఆశించాయి. వారికి దొరికినవాడు ‘కైరో స్టేషన్’ దర్శకుడు.

5. తొలి రూపం: ‘నైలు - జీవితం’:

5.1 కథానిర్మాణం:

ఈజిప్టు, సోవియట్ యూనియన్ కలిసి నిర్మించిన తొలి కథాచిత్రమిది. విశాలమైన 70 ఎం.ఎం. తెరకు దీన్ని తీశారు. భారీతనాన్ని చూపడానికే పుట్టిన సాధనం అది. కథ 1964 మే 14, నదిని మళ్లించిన రోజున ఆరంభమవుతుంది. ఆ రోజు కోసం ఎదురుచూస్తున్న వేర్వేరు మనుషుల జ్ఞాపకాల ద్వారా కథ వెనక్కు వెళుతుంది. ఒకే కథానాయకుడు లేడు. నది మలుపు తిరిగే ఆ ఒక్క రోజులో ఎంతమంది జీవితాలు మలుపు తిరిగాయో చూపడం ఈ నిర్మాణరీతి లక్ష్యం.

ఈ ఎంపిక గమనార్హం. కట్ట పూర్తయిన రోజు కాకుండా నది దారి మళ్లిన రోజును తీసుకోవడంలో ఒక అర్థముంది. కట్ట పూర్తికావడం రాజ్యానికి విజయం. నది దారి మళ్లడం మనుషులకు అనుభవం. తరతరాలుగా ఒక దారిన పారిన నీరు ఇక ఆ దారిన పారదన్న సత్యం ఇంజనీరుకు ఒక విధంగానూ, నది ఒడ్డున పుట్టినవానికి మరొక విధంగానూ తోస్తుంది.

5.2 నూబియన్, రష్యన్:

చిత్రానికి ఆయువుపట్టు బర్రాక్ అనే నూబియా యువకునికీ, లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన నికొలాయ్‌కూ మధ్య ఏర్పడిన స్నేహం. రాజకీయభాషలో ఇద్దరూ రెండు సోదరదేశాల ప్రతినిధులు. చిత్రంలో మాత్రం ఇద్దరూ తమతమ ఇళ్లకు దూరమైనవారు. నికొలాయ్ ఇల్లు వేల కిలోమీటర్ల దూరాన ఉంది, తిరిగి వెళ్లగలడు. బర్రాక్ ఇల్లు దగ్గరలోనే ఉంది, కాని తిరిగి వెళ్లే వీలులేని చోట. తన ఊరిని ముంచే నీటికి దారి సిద్ధం చేసే పనిలోనే అతడు ఉన్నాడు.

ఈ ఇద్దరి మధ్య స్నేహాన్ని షాహీన్ ప్రసంగాలతో నింపలేదు. ఆనకట్ట పని ముగిస్తే విడిపోక తప్పదన్న ఎరుక దాని వెనుక ఎప్పుడూ ఉంటుంది. ప్రభుత్వాల స్నేహం సంతకాలతో మొదలై సంతకాలతో ముగుస్తుంది. మనుషుల స్నేహానికి అటువంటి గడువు లేదు, కాబట్టి ఎడబాటు బాధ వారికే మిగులుతుంది.

5.3 యంత్రం, మనిషి:

విశాలమైన తెర మీద తవ్వకపు యంత్రాలు, పేలుళ్లు, రాతిగుట్టలు, వరుసగా కదిలే ట్రక్కులు ఘనంగానే కనిపిస్తాయి. ఆనకట్టను చిన్నచూపు చూసిన చిత్రం కాదిది. నాసర్ యుగపు ఆశను షాహీన్ మనస్ఫూర్తిగా పంచుకున్నాడు. అయితే ఆ ఆశకు చెల్లించిన మూల్యాన్ని దాచలేదు. ఇంటిమీద బెంగ, ఒంటరితనం, దాంపత్యంలో చీలికలు, తాను చేస్తున్న పని మీద సందేహం - ఇవన్నీ యంత్రాల చప్పుడు మధ్యనే వినిపిస్తాయి. ఆనకట్టను ప్రేమిస్తూనే దాని కింద మునిగినదాన్ని తలచుకోవచ్చునన్నది ఈ చిత్రం దృక్పథం.

6. తిరస్కరణ:

చిత్రీకరణ పూర్తయ్యే నాటికి ఈజిప్టు పరిస్థితి మారిపోయింది. 1967 జూన్ యుద్ధంలో దేశం ఘోరంగా ఓడింది. సీనాయ్ చేజారింది. సూయజ్ కాలువ మూతపడింది. నాసర్ యుగం మిగుల్చుకున్న నిర్వివాదమైన విజయం అస్వాన్ ఒక్కటే. అటువంటి సమయంలో ఆ విజయాన్ని సందేహాలతో, బెంగలతో, వీడ్కోళ్లతో చూపే చిత్రం ప్రభుత్వానికి రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. సోవియట్ పక్షానికీ అది నచ్చలేదు. పరదేశంలో పనిచేసే సోవియట్ శ్రామికుడు ధీరోదాత్తుడుగా కనబడాలి గాని, ఇల్లు గుర్తొచ్చి దిగులుపడే సామాన్యుడుగా కనబడటం వారి ప్రచారరీతికి ఇమడదు.

ఫలితంగా రెండు ప్రభుత్వాలూ ఒక్కమాట మీద నిలిచాయి: ఈ చిత్రం విడుదల కాకూడదు. ఆనకట్ట విషయంలో రెండు దేశాల అధికారులకు ఎన్నో అభిప్రాయభేదాలు ఉండేవి. ఈ చిత్రం విషయంలో మాత్రం లేకపోయాయి. మూలప్రతిని కాపాడుకోవాలన్న ఆరాటంతో షాహీన్ ఒక 70 ఎం.ఎం. ప్రతిని పారిస్‌లోని సినెమాతెక్ ఫ్రాన్సెజ్ సంస్థాపకుడు ఆన్రీ లాంగ్లువాకు అప్పగించాడు. చిత్రం బతికి బయటపడింది ఆ ప్రతి వల్లనే. 1990లలో దాన్ని పునరుద్ధరించి ‘ఒకానొక రోజు, నైలు’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరుతో ప్రదర్శించారు.

7. రెండవ రూపం: ‘మనుషులు - నైలు’:

తిరస్కరణ తరువాత షాహీన్ అదే ఇతివృత్తంతో మళ్లీ చిత్రీకరణ చేయవలసి వచ్చింది. రచనలో ప్రసిద్ధ రచయిత అబ్దుల్ రహ్మాన్ అల్ షర్కావీ పాల్గొన్నాడు. షర్కావీ నవల ఆధారంగా షాహీన్ తీసిన ‘భూమి’ (1969) అప్పటికే గొప్ప పేరు తెచ్చుకుంది. సుఆద్ హుస్నీ, సలాహ్ జుల్ఫికార్, ఇజ్జత్ అల్ అలాయ్లీ వంటి పేరున్న నటులు ఈ రెండవ రూపంలో కనిపిస్తారు. ‘అల్ నాస్ వల్ నీల్’ (మనుషులు - నైలు) పేరుతో 1972లో ఇది విడుదలైంది.

పేర్లలోని తేడా ఆలోచింపజేస్తుంది. తొలి రూపం పేరులో ‘జీవితం’ ఉంది, రెండవ రూపం పేరులో ‘మనుషులు’ వచ్చారు. కాని మనుషులు మనుషులుగా నిలిచింది తొలి రూపంలోనే. రెండవ రూపంలో ఆనకట్ట నిర్మాణగాథ ముందుకు వచ్చి, వ్యక్తులు ఆ గాథకు ఉదాహరణలుగా మారారు. విడుదలైన కాలం కూడా ఈ చిత్రాన్ని ఎగతాళి చేసింది. 1972 జులైలో నాసర్ వారసుడు సాదత్ సోవియట్ సైనిక సలహాదారులను దేశం విడిచి వెళ్లమన్నాడు. ఏ స్నేహం కోసం తొలి చిత్రాన్ని అణచివేశారో, ఆ స్నేహమే రెండవ చిత్రం విడుదలైన ఏడాది తెగిపోయింది. రాజ్యాల అవసరానికి దిద్దిన కళ ఆ అవసరం తీరగానే ఎంత త్వరగా పాతబడుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

8. సమకాలిక సాహిత్యంతో సంబంధం:

షాహీన్ ఎదుర్కొన్న ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. ఒక వైపు 1960లోనే అబ్దుల్ హలీమ్ హాఫెజ్ పాడిన ‘ఒక ప్రజ కథ’ గీతం ఆనకట్టను జాతి విజయంగా ఇంటింటికీ చేర్చింది. మరొక వైపు రచయితలు ఆ విజయాన్ని దగ్గరగా చూడటానికి ప్రయత్నించారు. అబ్దుల్ రహ్మాన్ అల్ అబ్నూదీ హైడ్యామ్‌లో పనిచేసే ఒక పల్లెటూరి కూలీ తన భార్యకు రాసిన లేఖల రూపంలో, ఎగువ ఈజిప్టు మాండలికంలో, 1969లో కావ్యం వెలువరించాడు. శ్రామికుడు ఆనకట్టను గురించి మాట్లాడేది రాజ్యంతో కాదు, ఇంట్లో ఎదురుచూసే మనిషితో. ఈ దృష్టి షాహీన్ దృష్టికి మిక్కిలి సన్నిహితం.

సునల్లాహ్ ఇబ్రహీం అనుభవం మరింత తీవ్రమైనది. కమ్యూనిస్టుగా 1959లో అరెస్టయిన ఆయన 1964లో, కృశ్చేవ్ పర్యటన సందర్భంగా, తోటి ఖైదీలతోపాటు విడుదలయ్యాడు. అంటే నది దారి మళ్లించిన ఉత్సవం ఆయనకు జైలు తలుపులు తెరిచిన ఉత్సవం కూడా. తరువాత మరి ఇద్దరు రచయితలతో కలిసి అస్వాన్ వెళ్లి, హైడ్యామ్ శ్రామికుని గురించి 1967లో ఒక పుస్తకం ప్రకటించాడు. అదే అనుభవం 1974లో ‘ఆగస్టు నక్షత్రం’ నవలగా, చాలా భిన్నమైన, నిరాసక్తమైన స్వరంతో వెలువడింది. ఒకే ఆనకట్టను గురించి రెండుసార్లు రాయవలసి రావడం, రెండుసార్లు తీయవలసి రావడం - ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. ఒకటి బలవంతం మీద జరిగింది, మరొకటి రచయిత అంతరంగం కోరగా జరిగింది.

నూబియన్ల గొంతు కూడా ఇదే కాలంలో వినిపించింది. ముహమ్మద్ ఖలీల్ ఖాసిం రాసిన ‘అల్ షమందూరా’ 1968లో అచ్చయింది. తొలి నూబియన్ నవలగా పేరొందిన ఈ రచన 1930లలో పాత ఆనకట్ట ఎత్తు పెంచినపుడు మునిగిన గ్రామాన్ని చిత్రించింది. రచయిత దీన్ని జైలులో రాశాడు. షాహీన్ చిత్రం ఆగిపోయిన ఏడాదే ఈ నవల వెలువడటం గమనించదగినది. బర్రాక్ పాత్ర నిశ్శబ్దంలో ఉన్నదంతా ఈ నవలలో మాటగా ఉంది.

9. తెలుగునేల నుంచి చూస్తే:

అస్వాన్ చరిత్రకూ తెలుగునేలకూ ఒక ప్రత్యక్ష సంబంధం ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. జలాశయంలో మునగనున్న నాగార్జునకొండ లోయలో భారత పురావస్తుశాఖ 1954-60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిపి, బౌద్ధ శిథిలాలలో ముఖ్యమైనవాటిని కొండమీదికి తరలించింది. ఆ వెనువెంటనే, 1961-62లో, యునెస్కో పిలుపు మేరకు నూబియాలో తవ్వకాలకు అదే శాఖ బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. మునిగిపోయే లోయలో చరిత్రను ముందుగా వెలికితీసిన అనుభవం కృష్ణ ఒడ్డు నుంచి నైలు ఒడ్డుకు ప్రయాణించిందన్నమాట.

శ్రామికుల విషయంలోనూ పోలిక కనిపిస్తుంది. సాగర్ రాతికట్టడం. యంత్రాల కంటే మనుషుల భుజాలు, తలలు మోసిన బరువే అందులో ఎక్కువ. దేశంలోని అనేక ఆనకట్టల పనికి వలసవెళ్లిన పాలమూరు కూలీలు తమ జిల్లా పొలాలకు మాత్రం నీళ్లు చూడలేదన్న వేదన తెలుగు సమాజానికి పరిచితమే. తాను కట్టిన దాని ఫలం తనకు అందని శ్రామికుడు, తన ఊరిని ముంచే నీటికి దారి వేసిన బర్రాక్ - ఇద్దరూ ఒకే ప్రశ్నను అడుగుతున్నారు.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ‘నైలు - జీవితం’ ఆనకట్టను వ్యతిరేకించిన చిత్రం కాదు. దాన్ని మనుషుల అనుభవంగా చూడటమే దాని ప్రత్యేకత. తిరస్కరణకు దారితీసిందీ ఆ ప్రత్యేకతే.

• కట్టేవాడు, నిర్వాసితుడు ఒకే మనిషి కావచ్చునన్న సత్యాన్ని బర్రాక్ పాత్ర ద్వారా ఈ చిత్రం చూపింది. ఆనకట్టలను గురించిన చిత్రాలలో ఇది అరుదైన దృక్కోణం.

• రాజ్యాలు దిద్దించిన రెండవ రూపం ఆ రాజ్యాల స్నేహంతోపాటే తన ప్రాసంగికతను కోల్పోయింది. దిద్దని తొలి రూపం మూడు దశాబ్దాల తరువాత కూడా ప్రేక్షకులను చేరింది.

• అబ్నూదీ కావ్యం, సునల్లాహ్ ఇబ్రహీం, ఖలీల్ ఖాసిం నవలలతో కలిపి చదివినపుడే ఈ చిత్రం పూర్తి అర్థం వ్యక్తమవుతుంది. తెలుగులో ఆనకట్టల నేపథ్యంగా వచ్చిన సాహిత్యాన్ని ఈ దృష్టితో తులనాత్మకంగా పరిశీలించవలసి ఉంది.

ఆనకట్ట అడుగున వెడల్పు 980 మీటర్లని లెక్క చెప్పగలం. ఆ అడుగున ఎన్ని ఊళ్ల జ్ఞాపకాలు, ఎంతమంది వీడ్కోళ్లు ఉన్నాయో చెప్పడానికి మరొక సాధనం కావాలి. షాహీన్ దాచిపెట్టి కాపాడిన ఒక్క ప్రతి అటువంటి సాధనం.